ఏడువందల ముప్పైలో పద్ధెనిమిది రోజులు

ఇంకా 84 రోజులు

ఏమండీ,

తేదీ వేయాల్సిన చోట ఈ అంకె వేశాను. మీరు గళ్ళు గీసి పంపిన కాగితం వంటగది గోడకి అతికించాం. రోజూ పొద్దున వదిన టీ గ్లాసుతో వచ్చి ఒక గడి కొట్టేస్తుంది. మా ఇంట్లో ఇవాళ ఏ తారీఖో అడిగితే ఇద్దరం తడుముకుంటాం గానీ, ఇంకా ఎన్ని రోజులున్నాయంటే నిద్రలో లేపినా చెబుతాం.

లెక్క అర్థమైందా అని మీరు ఫోన్‌లో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఊఁ అన్నాను. నిజంగానే అర్థమైంది. శాశ్వతంగా ఉండనిచ్చే ఆ పీఆర్ కార్డు ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ళలో ఏడువందల ముప్పై రోజులు నేను ఆ దేశంలో ఉండాలి. ఉన్నది పద్ధెనిమిది రోజులు. వదిన చెయ్యి విరిగిందని వచ్చి, మూడు నెలలని చెప్పి, రెండేళ్ళ తొమ్మిది నెలలు ఇక్కడే ఉండిపోయాను. ఈ ఎనభై నాలుగు రోజుల్లోపు వచ్చి, ఆ తరువాత కదలకుండా ఉంటేనే లెక్క సరిపోతుంది. ఒక్కరోజు దాటినా కార్డు పోతుంది. మళ్ళీ మొదటి నుంచి కాగితాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చోవాలి. చూశారా, అంతా తెలుసు. తెలియక రాకుండా ఉన్నానని మీరు అనుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఫోన్‌లో నాకు మాట రాదు. మీరు గలగలా మాట్లాడతారు, వదిన పక్కన నిలబడి 'ఏమంటున్నాడు, ఏమంటున్నాడు' అంటుంది, నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం అయితే ఎదురు చెప్పదు. అందుకే ఇవాళ ఆదివారం, లాండ్రీ మూసి ఉంది కాబట్టి, ఇస్త్రీ బల్ల మీద కాగితం పరుచుకుని కూర్చున్నాను.

వదిన నడుము నొప్పి వల్ల ఆగిపోయానని మీతో ఒక అబద్ధం చెబుతూ వచ్చాను. మీ అక్కయ్య నడుము బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది. విరిగిన చెయ్యి రెండున్నర నెలలకే అతుక్కుంది. ఇవాళ కూడా తడి దుప్పట్ల బుట్ట ఒంటి చేత్తో ఎత్తి మేడ మీద ఆరేసి వచ్చింది. మీరు ఫోన్ చేసే ముందు 'ఇవాళ నాకు నడుమా, మోకాలా?' అని నన్ను అడిగి, మీ గొంతు వినగానే మూలగడం మొదలుపెడుతుంది. తప్పు ఆవిడది కాదు. నేను బతిమాలితే ఒప్పుకుంది. ఎందుకని కూడా అడగలేదు.

అసలు సంగతి ఇది. వదిన లాండ్రీ మెట్ల మీద జారిపడినప్పుడు చేతితో పాటు ముందు పన్ను కూడా ఊడింది కదా. కట్టు విప్పాక ఆ పన్ను కట్టించుకోవడానికి బస్టాండు వెనక ఉన్న డెంటల్ ల్యాబుకి వెళ్ళాం. చిన్న గది. గోడ పొడుగునా అరలు, అరల్లో తెల్లటి ప్లాస్టర్ అచ్చులు, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి నోరు. పళ్ళు కట్టే మేస్త్రికి అరవై దాటాయి. ఆయన చేతిలోంచి పళ్ళ పెట్టె జారి, గింజల్లా గదంతా చెల్లాచెదురైంది. వంగి వెతకలేక నిలబడిపోతే నేను ఏరి, ఊరికే ఉండలేక, బల్ల మీద వరసగా పేర్చాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. 'ఈ రెండింటిలో కుడిది ఏది, ఎడమది ఏది?' అన్నాడు. చూపించాను. కుడి దానికి ఒక మూల పదునుగా ఉంటుంది, రెండో మూల గుండ్రంగా ఉంటుంది. ఎడమది దానికి అద్దంలో బొమ్మ. చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. 'ఆరు నెలలు నా దగ్గర పని చేసినవాళ్ళు కూడా దీనికి తడబడతారమ్మా, నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?' అన్నాడు. వదిన వెంటనే, ఉన్న పళ్ళన్నీ కనపడేలా నవ్వి, 'మా మరదలు ఎక్కడా నేర్చుకోలేదు, కావాలంటే ఇక్కడ నేర్చుకుంటుంది' అంది.

అలా చేరాను. మొదటి ఏడాది ప్లాస్టర్ కలపడం, అచ్చులు చెక్కడం, తడి చక్రం మీద పాలిష్ పట్టడం. తరువాత మైనంలో పళ్ళు పేర్చడం. ఇప్పుడు పై వరస, కింది వరస, రెండూ మొదటి నుంచి చివరిదాకా నేనే చేస్తాను. మేస్త్రి పక్కన నిలబడి చూస్తాడు, అంతే.

ఈ మాట మీకు చెప్పకుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నానో నాకే తెలియదు. కోపం వస్తే నా మీదే చూపించండి. మీ అక్కయ్యని ఏమీ అనకండి.

ఫోన్‌లో ఊఁ అనే
మీ ఆవిడ


ఇంకా 61 రోజులు

ఏమండీ,

మీ ఉత్తరం అందింది. గుమ్మంలోనే విప్పాను. మొదటి వరసలోనే 'నాకు తెలుసు' అని ఉంది. రెండో వరసలో 'రెండేళ్ళ నుంచీ తెలుసు' అని ఉంది. మూడో వరస చదవకుండా లాండ్రీలోకి వెళ్ళాను. వదిన చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతోంది.

'చెప్పేశావా వదినా?' అన్నాను.

'చెప్పక ఏం చేయను? నన్ను చూడటానికి సెలవు పెట్టి వస్తానన్నాడు. వచ్చి చూస్తే నేను గుడ్డల మూటలు మోస్తూ కనపడనూ?'

'మరి నాతో అనలేదేం?'

'వాడు వద్దన్నాడు. తనే చెబుతుంది చూడు అక్కా, అన్నాడు. నువ్వు చెప్పవు, వాడు అడగడు. మీ ఇద్దరి మధ్యా నా నడుము అరిగిపోయింది.'

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది, ఇస్త్రీపెట్టె కింద కాలరు మాడేదాకా నవ్వింది. రెండేళ్ళుగా ప్రతి వారం 'అక్క నడుము ఎలా ఉంది' అని అంత దిగులుగా అడిగారే, మీరు నాటకాల్లో చేరాల్సింది.

ఆ ఉత్తరం మిగతా భాగం మాత్రం నవ్వుతూ చదవలేకపోయాను. 'పని నేర్చుకోవడం మంచిదే కదా, నాతో చెబితే వద్దంటానా? ఎందుకు దాచావు?' అని అడిగారు. దానికి జవాబు వదినకి కూడా తెలియదు. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాయకపోతే ఆ గళ్ళ కాగితం అయిపోతుంది, నేను విమానం ఎక్కుతానో ఎక్కనో మీకు మాత్రం కారణం తెలియదు. అది న్యాయం కాదు.

నేను అక్కడ ఉన్న పద్ధెనిమిది రోజులూ మీరు నన్ను ఎంతో బాగా చూసుకున్నారు. పొద్దున ఆరింటికి లిఫ్టుల మరమ్మతుకి వెళ్ళి, రాత్రికి అలసిపోయి వచ్చి కూడా నన్ను బయటికి తిప్పారు. దుకాణంలో నాకేం కావాలో మీరే అడిగారు. ఆఫీసు కౌంటరులో ఆమె నన్ను చూసి అడిగిన ప్రశ్నలకి మీరే జవాబు చెప్పారు. బస్సులో పక్కావిడ నన్ను చూసి నవ్వితే మీరు తిరిగి నవ్వారు. నాకు శ్రమ లేకుండా చేయాలనే. పగలంతా ఆ గదిలో కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఎదురింటి గోడ మీద ఎన్ని ఇటుకలున్నాయో వరసకి ఇన్ని చొప్పున లెక్కపెట్టాను. పన్నెండో రోజుకి నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆ సాయంత్రం మీరు వంటగదిలో ఉన్నారు. పక్కగదిలో ఉండే మీ స్నేహితుడు అడిగాడు, 'మీ ఆవిడ కూడా ఏదైనా పనిలో చేరుతుందా?' అని. మీరు అన్నారు, 'ఆవిడా? ఐదో క్లాసు. నోట్లోంచి మాట రాదు. ఇంట్లో కూర్చుంటే చాలు, అదే పదివేలు.' ఆయన నవ్వాడు. మీరు నవ్వలేదు. గోడకి మేకు ఉంది అన్నంత మామూలుగా అన్నారు. ఎగతాళిగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మామూలుగా అన్నారు కాబట్టి అదే నిజం అనుకున్నాను. గది తలుపు సగం తెరిచి ఉంది. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళాను.

మర్నాడే వదిన పడిపోయిందని ఫోన్ వచ్చింది. నేను వెళ్ళి చూసుకుంటానని నేనే అన్నాను. ఎంత మంచి మనసు అని మీరు మెచ్చుకున్నారు. అది మంచితనం కాదండీ. పారిపోవడానికి నాకు ఒక చెయ్యి విరగాల్సి వచ్చింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? రోజంతా కొత్తవాళ్ళతో 'నోరు తెరవండి' అనడం. వదిన దీని మీద ఎన్ని జోకులు వేసిందో లెక్కలేదు. మొదట్లో అంత చిన్న మాట కూడా గోడకి చెప్పినట్టు చెప్పేదాన్ని. ఇప్పుడు అలా కాదు. మైనం మీద పళ్ళు పెట్టాక నోట్లో అమర్చి, సున్నా నుంచి వంద దాకా పదుల్లో అంకెలు చెప్పించాలి. 'వ' అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగలాలి. 'స' అన్నప్పుడు ఈల రాకూడదు. వాళ్ళు సిగ్గుపడితే నేను కూడా కలిసి లెక్కపెడతాను. నా మొట్టమొదటి సెట్టు ముత్యాల వరసలా పేర్చాను. తీసుకెళ్ళినావిడ మూడో రోజు తిరిగొచ్చింది. 'మా అమ్మాయి నన్ను చూసి, ఎవరి నోరు పెట్టుకొచ్చావమ్మా అంది' అని కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి ఆవిడ పాత ఫొటో తెప్పించి నా ముందు పెట్టాడు. ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది. 'వరసగా పెట్టడం ఎవరైనా చేస్తారు. ఆ మనిషి పళ్ళు పెట్టాలి' అన్నాడు. అంతా కరిగించి మళ్ళీ చేశాను. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు ఫొటో అడుగుతాను, తరువాత మాట్లాడిస్తాను, ఆ తరువాతే మైనం పట్టుకుంటాను.

మేస్త్రికి చేతులు వణకడం ఎక్కువైంది. వచ్చే నెల నుంచి కిటికీ దగ్గరి బల్ల నన్ను తీసుకోమంటున్నాడు. అది ఆయన బల్ల.

ఇవాళ రానని రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోయాను. వస్తానని కూడా రాయలేకపోతున్నాను. ఆ వంటగదిలోకి మళ్ళీ ఎలా అడుగుపెట్టాలో తెలియడం లేదు.

మీ ఆవిడ


ఇంకా 33 రోజులు

ఏమండీ,

పోయిన రెండు ఆదివారాలూ ఫోన్‌లో మీరు ఏమీ మాట్లాడలేదు. 'ఉత్తరం రాస్తున్నాను' అన్నారు, ఊరుకున్నారు. మొదటిసారి మన ఇద్దరిలో నేనే ఎక్కువ మాట్లాడాను. వదిన ఫోన్ లాక్కుని చూసింది, తెగిపోయిందేమోనని.

నిన్న ల్యాబుకి బయలుదేరుతుంటే మీ ఉత్తరం వచ్చింది. దారిలో చదవలేదు. బల్ల దగ్గర కూర్చుని, దీపం వెలిగించి, మైనం వేడెక్కేలోపు చదువుదామనుకున్నాను. మీరు రాసింది నాకు ఇప్పుడు నోటికి వచ్చేసింది. 'ఆ మాట అన్నానా అని రెండు రోజులు గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. గుర్తు రాలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. గుర్తు లేదంటే నాకు అది పెద్ద మాట కాదన్నమాట. నువ్వు విన్నానంటే అనే ఉంటాను. సరదాకి అన్నానని చెప్పి తప్పించుకోను. అప్పుడు నీ గురించి నేను అలాగే అనుకునేవాణ్ణి. అలా అనుకుంటూనే నీ మీద ప్రేమగా ఉన్నాననుకున్నాను. కార్డు నీది. నీకు రావాలనిపిస్తే రా. లేకపోతే నేను నా కార్డు ఇక్కడ ఇచ్చేసి వస్తాను. అక్కడ కూడా లిఫ్టులు చెడిపోతాయి.'

మేస్త్రి వెనక నుంచి 'అమ్మాయ్, మైనం కారిపోతోంది చూడు' అన్నాడు. చూస్తే నిజంగానే ఒక పెద్దాయన చిగుళ్ళన్నీ బల్ల మీద గులాబీ రంగు మడుగైపోయాయి. మధ్యాహ్నం దాకా మళ్ళీ చేశాను.

మీరు రాసిన దాంట్లో 'సరదాకి అన్నాను' అని ఉంటే, నేను రానని రాసేదాన్ని. ఇది మీకు తెలియాలి.

మేస్త్రిని సలహా అడిగాను. 'ఉంటే నా కుర్చీ నీది. వెళ్తే నీ కుర్చీ నువ్వే వెతుక్కోవాలి. నన్ను అడిగితే ఉండమనే అంటానమ్మా, నా స్వార్థం నాకుంటుంది కదా' అన్నాడు. మళ్ళీ తనే, 'అక్కడ మాత్రం జనానికి పళ్ళు ఊడవా ఏమిటి' అని గొణిగి, పాలిష్ చక్రం తిప్పడం మొదలుపెట్టాడు, నేను జవాబు చెబితే వినపడకుండా.

సాయంత్రం వదినకి అంతా చెప్పాను. వంటగది మాట కూడా చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. 'వాడు అలా అన్నాడా?' అని అడిగింది. అన్నాడన్నాను. 'చిన్నప్పటి నుంచీ వాడి తరఫున అందరికీ నేనే జవాబు చెప్పేదాన్ని. బడిలో, ఆస్పత్రిలో, అద్దె ఇంటివాళ్ళ దగ్గర. ప్రేమంటే అదే అనుకున్నాడు వెధవ. నా పెంపకమే' అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఆవిరి వల్ల అంది.

'నేను వెళ్ళిపోతే నువ్వు ఒక్కదానివే ఉండాలి వదినా' అన్నాను.

'నిన్ను మరదలిగా తెచ్చుకున్నాను గానీ నా నడుము నొప్పికి మందుగా తెచ్చుకోలేదు. నాకోసం ఉంటానన్నావంటే ఇస్త్రీపెట్టెతో వాత పెడతాను. నీకోసం ఉంటానంటే, ఉండు.'

ఆ మాట పట్టుకుని ఆలోచించాను. ఇక్కడ ఉంటే నాకు పని ఉంది, మంచి బల్ల ఉంది, నన్ను పిలిచి పలకరించేవాళ్ళున్నారు. మీరే వచ్చేస్తే ఎవరికీ ఏ కష్టం లేదు. కానీ ఆ దేశంలో నేను పద్ధెనిమిది రోజులు ఉండి, ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చేశాను. అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు. వచ్చి, అడిగి, వాళ్ళు వద్దంటే అప్పుడు చూసుకుందాం. అడగకుండానే పోగొట్టుకుంటే ఇక్కడ ఎంత మంచి పళ్ళు చేసినా అది నన్ను తొలుస్తూనే ఉంటుంది.

వస్తున్నాను. మీ కార్డు ఎవరికీ ఇవ్వకండి.

రెండు సంగతులు. ఒకటి, నన్ను అడిగిన దానికి మీరు జవాబు చెప్పకూడదు. నాకు రాకపోతే రానట్టే నిలబడనివ్వండి. రెండోది టిక్కెట్టు. గళ్ళ కాగితం పంపినప్పుడు మీరు గడువుకి పది రోజులు ముందే రమ్మన్నారు. నేను మూడు రోజులు ముందు దిగేలా ఇవాళ తీసుకున్నాను. ఒకావిడ సెట్టు నా చేతిలో ఉంది. ఆవిడ ఇరవై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివింది. 'స' దగ్గర ఇంకా చిన్న ఈల వస్తోంది. ఇంకెవరికీ వినపడదు గానీ ఆవిడకి వినపడుతుంది, నాకు వినపడుతుంది. అది సరిచేయకుండా రాలేను. విమానం ఆలస్యమైతే ఏం గతి అని మీరు అక్కడ గోళ్ళు కొరుక్కుంటారని తెలుసు. కొరుక్కోండి. రెండేళ్ళు నన్ను ఆడించినందుకు మీకు ఆ మాత్రం ఉండాలి.

మీ దగ్గరికి బయలుదేరుతున్న
మీ ఆవిడ


చేరిన ఐదో రోజు

నా వదినకి,

క్షేమంగా చేరానని మీ తమ్ముడు ఫోన్‌లో చెప్పారు కదా. మిగతాది ఫోన్‌లో చెప్పేది కాదు. నువ్వు కళ్ళద్దాలు పెట్టుకుని, లాండ్రీ మూశాక తీరిగ్గా చదువుకో.

విమానం దిగాక అందరినీ ఒక వరసలో పంపి, నా కార్డు చూసి నన్ను పక్క గదిలోకి పంపారు. కౌంటరు వెనక ఒకామె కూర్చుని ఉంది. నీ వయసు ఉంటుంది. కాగితాలు తిప్పి, నెమ్మదిగా ఏదో అడిగింది. సగం అర్థమైంది. భయంతో ఆ సగం కూడా పోయింది. మీ భర్త బయట ఉన్నాడట కదా, పిలిపించమంటారా అని సైగ చేసింది. ఊఁ అంటే చాలు, ఆయన వచ్చేస్తారు, అంతా ఆయనే చెబుతారు. 'వద్దు' అన్నాను. ఆ భాషలో నాకు బాగా వచ్చిన మాటల్లో అది ఒకటి. అప్పుడు ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, మన భాష తెలిసిన ఒకతన్ని లైన్లోకి తెచ్చింది. ఆమె అడుగుతుంది, ఫోన్‌లో అతను మన మాటల్లో చెబుతాడు, నేను జవాబు చెబుతాను.

కార్డు తీసుకుని పద్ధెనిమిది రోజులకే ఎందుకు వెళ్ళారు, ఇంతకాలం ఏం చేశారు అని అడిగింది. నీ చెయ్యి విరిగిన సంగతి చెప్పాను. చెయ్యి అతకడానికి మూడేళ్ళు పట్టదు కదా అంది. నీ నడుము గుర్తొచ్చింది. చెప్పేసి ఉంటే నమ్మేదేమో. నాకే నోరు రాలేదు. 'పళ్ళు కట్టడం నేర్చుకున్నాను. ఇక్కడికి పని వచ్చినదానిలా రావాలనుకున్నాను. నేర్చుకోవడానికి ఇంతకాలం పట్టింది' అన్నాను. ఫోన్‌లో అతను 'పళ్ళా అమ్మా?' అని నన్నే తిరిగి అడిగాడు. అవునన్నాను. అతను ఆమెకి చెప్పాడు. ఆమె నా చేతుల వైపు చూసింది. వేళ్ళ మీద మైనం కాల్చిన మచ్చలు ఉన్నాయి కదా. కాలెండరు ముందు పెట్టుకుని పెన్సిలుతో చాలాసేపు లెక్కవేసింది. ఆ తరువాత ముద్ర వేసి ఒక మాట చెప్పింది. అది చివర్లో రాస్తాను.

తలుపు తెరుచుకోగానే మీ తమ్ముడు ఎదురుగా ఉన్నారు. చిక్కిపోయారు. ఏం అడిగారు, ఏం చెప్పావు అని అడగలేదు. పెట్టె అందుకుని, 'అంత సేపూ లోపలికి రాకుండా ఈ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను' అని స్తంభం చూపించారు. ఆయన మీద అప్పుడు నాకు ఎంత ప్రేమ కలిగిందో నీకు రాయను, ఆయన అక్కవి కదా.

ఇల్లు అదే ఇల్లు. వంటగది అదే వంటగది. రెండో రోజు సాయంత్రం పక్కగది ఆయన వచ్చి, నా ఎదురుగానే మీ తమ్ముణ్ణి అడిగాడు, 'ఏమిటి, ఈసారి ఆవిడ ఏం చేస్తుందట?' అని. మీ తమ్ముడు ఉల్లిపాయ తరుగుతూ, తల ఎత్తకుండా, 'పక్కనే ఉంది కదా, ఆవిడనే అడుగు' అన్నారు. ఆయన ఇబ్బందిగా నా వైపు తిరిగాడు. నాకు మొహం వేడెక్కింది. అయినా చెప్పాను. 'కట్టుడు పళ్ళు చేస్తానండీ. మీ పై వరసలో ఎడమ పక్క మూడోది కట్టిందే కదా, రంగు కొంచెం కలవలేదు' అన్నాను. ఆయన ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పదేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదట. ఇప్పుడు నన్ను చూస్తే మూతి బిగించుకుని మాట్లాడతాడు. నిన్న రహస్యంగా వచ్చి, దాన్ని మార్చవచ్చా అని అడిగాడు.

నిన్న, ఇవాళ రెండు ల్యాబులకి వెళ్ళాను. మీ తమ్ముడు సెలవు పెట్టి దారి చూపించి, బయట బెంచీ మీద కూర్చున్నారు. మొదటిచోట పని నేర్చుకున్నట్టు కాగితం ఏదైనా ఉందా అని అడిగారు, లేదన్నాను, తలుపు దాకా మర్యాదగా సాగనంపారు. రెండోచోట ఒక లావుపాటి ఆవిడ నా మాట పూర్తిగా వినకుండానే ఒక అచ్చు, మైనం, పళ్ళ పెట్టె ముందు పెట్టింది. ముందు ఆరు పళ్ళూ పేర్చి, తల ఎత్తి ఫొటో ఉందా అని సైగ చేశాను. ఎవరి ఫొటో అంది. ఈ నోరు ఎవరిదో వాళ్ళది అన్నాను. పక్క బల్లల మీద ఉన్నవాళ్ళు పని ఆపి చూశారు. సోమవారం నుంచి ఒక వారం వచ్చి చేయమంది. తరువాత ఉంచుకుంటుందో లేదో తెలియదు. ఆ బల్ల కిటికీకి దూరంగా ఉంది, దీపం వెలుతురు సరిపోదు. మేస్త్రికి ఈ సంగతి చెప్పు. రేడియో ఆవిడ 'స' ఎలా ఉందో కనుక్కుని రాయి.

ఇక ఆ కౌంటరామె చెప్పిన మాట. నేను బయలుదేరే రోజు నువ్వు 'ఏడాదికోసారి వచ్చి పో' అన్నావు, నేను సరేనన్నాను. అప్పుడు నాకు తెలియక అన్నాను వదినా. ఆమె లెక్కంతా కట్టి చెప్పింది, ఇక నుంచి ఈ రెండేళ్ళలో నేను మూడంటే మూడు రోజులే బయట ఉండవచ్చట. నాలుగో రోజు అయితే పడ్డ కష్టమంతా పోయినట్టే. టిక్కెట్టు ఇంకా ముందుగా తీసుకుని ఉంటే ఇంకొన్ని మిగిలేవి. నేనే మిగల్చలేదు. ఆ మాట విన్నప్పుడు ముద్ర పడిందన్న సంతోషం కూడా నిలవలేదు. నువ్వు ఒంటరిగా గడులు కొట్టుకుంటూ ఉంటావని అనిపించింది.

నిన్న బస్సులో మీ తమ్ముడు, 'మూడు రోజులున్నాయి కదా, పక్కనే సరిహద్దు, ఒక శని ఆదివారాలు సరదాగా అవతలి దేశం చూసొద్దాం' అన్నారు. కుదరదన్నాను. ఎందుకు కుదరదన్నారు. అవి మీవీ నావీ కావు, వాటి జోలికి వెళ్ళకండి అన్నాను. బస్సులో ఇద్దరు ముగ్గురు మా వైపు తిరిగి చూసేంత గట్టిగా అన్నానట.

అవి నీవి వదినా. రావడానికి ఒకటి, వెనక్కి తిరగడానికి ఒకటి, నీ దగ్గర ఒకటి. ఎప్పుడు వాడుకోవాలో నువ్వే చెప్పు. ఎప్పుడన్నా సరే, ఆ మధ్య రోజు మాత్రం లాండ్రీ తెరవకు.

నీ
మరదలు